దానంతటదే తగ్గిన మచ్చ

మా బావ గోడలు పగలగొడతాడు. నేను గోడలకి రంగులు వేస్తాను. మా ఇద్దరికీ పడకపోవడానికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. నేను లప్పం పెట్టి, గీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ గీకి, చెయ్యి జారేంత నున్నగా చేసిన గోడ దగ్గరికి వచ్చి దానికి చెవి ఆనిస్తాడు. వేలి కణుపుతో టకటకా కొట్టి, "ఇక్కడుందిరా" అని ఉలి తీస్తాడు. మా అక్క మొగుడు గనక ఊరుకున్నాను గానీ ఇంకొకడైతే రంగు బకెట్టు నెత్తిన బోర్లించేవాణ్ణే. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని సామెత. ఆ సామెత కట్టినవాడికి ప్లంబర్ బావ ఉండి ఉండడు.

మా వీధుల్లో ఆయన్ని అందరూ లీకులాయన అంటారు. గోడ లోపల పైపు ఎక్కడ కారుతోందో పసిగట్టడంలో ఆయనకి ఆయనే సాటి. ఆ సంగతి ఆయనకి కూడా తెలుసు, అదీ నా బాధ. నన్ను పూతగాడు అంటాడు. "నేను వెతికేవాణ్ణి, వీడు కప్పెట్టేవాడు" అని ఇంటివాళ్ళ ముందే అంటాడు. ఇంటివాళ్ళు నవ్వుతారు. నేను బ్రష్షు కడుక్కుంటూ పళ్ళు నూరుకుంటాను.

ఆయనకో పట్టుదల ఉంది. గోడ మీద చెమ్మ మచ్చ కనిపిస్తే అది తడిగా ఉండగానే తవ్వాలంటాడు. ఆరిపోయాక తవ్వితే ఎక్కడ తవ్వాలో తెలీదు, గోడంతా గుల్ల చేసుకోవాలి. పోనీ ఆరింది కదా అని రంగు వెయ్యనిస్తాడా అంటే అదీ లేదు. "మచ్చ ఆరితే నీళ్ళు ఆగినట్టు కాదురా. ఇంకెటో పోతున్నట్టు" అంటాడు. ఎల్లుండి చుట్టాలొస్తున్నారు, దాని మీద రెండు పూతలు వేసి పొమ్మని ఇంటావిడ నన్ను బతిమాలుతుంటే, ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి వెయ్యనివ్వడు. ఆ పూట నా పని గంగలో కలిసినట్టే.

అలాంటి ఒక ఇంట్లోనే ఆయన చేతిలోంచి పానా జారి పడింది. ఎడమచేతిలోది. కింద టైలు పగిలింది. "ఏంటి బావా, అప్పుడే ముసలాడివైపోయావా" అన్నాను. ఆయన నావైపు చూసి, "ఏం పడిందిరా" అని అడిగాడు. పడింది తన చేతిలోదేనని ఆయనకి తెలీదు. నేను నవ్వాను. గది దాటుతూ ఎడమ భుజం తలుపు చట్రానికి గుద్దుకున్నాడు. అప్పుడూ నవ్వాను. మధ్యాహ్నం వంటింట్లో నిలబడి, బాత్రూము ఎటువైపు అని నన్ను అడిగాడు. ఆ ఇంటికి పైపులన్నీ వేసింది ఆయనే. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అక్కకి ఫోన్ చేశాను. అక్క కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. తల స్కాన్ తీశారు. నరాల డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మ చూపించింది. మెదడులో కుడివైపు, బాగా లోపలగా, తెల్లటి మచ్చ. నిమ్మకాయలో సగం ఉంటుంది. కుడివైపు మెదడే ఎడమచేతిని ఆడిస్తుందని చెప్పింది.

"ఇది వట్టి వాపు కావచ్చు. గడ్డ కావచ్చు. లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు" అంది. ఆవిడకి నాన్చడం చేతకాదు. "బొమ్మ చూసి పేరు చెప్పలేను. సర్జన్ గారు సన్నటి సూది పంపించి చిన్న ముక్క తీస్తారు. ఆ ముక్కని పరీక్ష చేస్తే తెలుస్తుంది."

"ఈలోపు తగ్గడానికి ఏదైనా మందు రాయండి మేడం" అంది అక్క.

"స్టెరాయిడ్ ఇస్తే రెండ్రోజుల్లో హాయిగా లేచి తిరుగుతారు. అందుకే ఇవ్వను." డాక్టరమ్మ కుర్చీ మావైపు తిప్పుకుంది. "లింఫోమా అయితే స్టెరాయిడ్‌కి మంచులా కరుగుతుంది. తర్వాత సూది పంపితే ఏమీ దొరకదు. రోగం మాత్రం ఎక్కడికీ పోదు, కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. పేరు తెలిస్తే దానికి సరైన మందు ఉంది. తెలీకపోతే చీకట్లో రాయి వేసినట్టే. కాబట్టి ముక్క తీసేదాకా ఆయన ఒంట్లోకి స్టెరాయిడ్ అన్నది వెళ్ళకూడదు."

నేను కుర్చీలో ఇబ్బందిగా కదిలాను. లప్పం గీకిన ధూళి ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి నాకు ఆయాసం పట్టుకుంది. మరీ ఎక్కువైతే వేసుకోమని ఊపిరితిత్తుల డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అవి స్టెరాయిడ్ మాత్రలే. ఆ సంగతి అక్కకి తెలుసు. వరండాలోకి రాగానే, "నీ మాత్రలు మా ఇంటి గడప తొక్కకూడదు" అంది. సరే అన్నాను. నిజంగానే తొక్కనివ్వలేదు.

సూదికి రోజు ఖాయం చేశారు. దారి చూసుకోవడానికి ముందురోజు మళ్ళీ స్కాన్ తీశారు. ఆ స్కాన్‌లో మచ్చ తగ్గిపోయింది. నిమ్మచెక్క పోయి గోరంత మిగిలింది. బావ చెయ్యి కూడా బాగుపడింది. ఆ ఉదయమే నా చెవి మెలిపెట్టి చూపించాడు, అదీ ఎడమచేత్తో. ఇంత చిన్నదానికి, అంత లోపలికి, సూది పంపలేనని సర్జన్ చేతులెత్తేశాడు. మేం సంబరంగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాం. ఆవిడ ముఖంలో సంబరం లేదు.

"స్టెరాయిడ్ ఏమైనా వాడారా" అని అడిగింది. "మాత్ర, ఇంజెక్షన్, కీళ్ళనొప్పులకని ఎవరైనా ఇచ్చిన పొడి, ఏదైనా సరే. నేను కోప్పడను. నాకు నిజం కావాలి. వాడితే ఒక అర్థం, వాడకపోతే ఇంకో అర్థం."

అక్క మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నన్నడక్కుండానే ఖాళీ జేబు మీదికి పోయింది. అంతే, అక్కకి సాక్ష్యం దొరికేసింది.

వరండాలో అక్క నన్ను దులిపేసింది. చిన్నప్పటినుంచీ నీది ఇదే బుద్ధి, ఎవరు ఏడుస్తుంటే వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి నోరు మూయిస్తావు, ముందూ వెనకా చూడవు, అంది. అందులో నిజం లేకపోలేదు గానీ ఆ రోజు నేను చేసిన పాపం ఏమీ లేదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అయింది నా పని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావ మాత్రం గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. "వాడు నాకు టీ కూడా పొయ్యడే, మాత్రలు పోస్తాడా" అన్నాడు. ఆ ఎగతాళే నన్ను కాపాడిందనుకుంటాను. ఇంటికెళ్ళి నా మాత్రల పట్టీలన్నీ పట్టుకొచ్చి డాక్టరమ్మ బల్ల మీద పడేశాను. ఆ ఏడు నాకు ఆయాసం ఎక్కువ కాలేదు, పట్టీల్లో ఒక్క మాత్ర గూడు కూడా చిరగలేదు. డాక్టరమ్మ వాటిని చూసి, నన్ను చూసి, నమ్మింది. అక్క చూసింది గానీ నమ్మిందో లేదో చెప్పలేదు.

"అయితే దానంతటదే తగ్గింది" అంది డాక్టరమ్మ. "అదే నాకు నచ్చట్లేదు."

"తగ్గితే మంచిదే కదండీ" అన్నాను.

"వట్టి వాపయితే మంచిదే. కానీ లింఫోమా కూడా అరుదుగా ఇలా చేస్తుంది. ముందొకసారి కనిపించి, మందూ మాకూ లేకుండా తగ్గిపోయి, నెలలు పోయాక ఇంకోచోట పైకి లేస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఈరోజు ఎవరూ చెప్పలేరు." వెన్నులోంచి నీరు తీయించింది. కంటి లోపల కూడా చూపించింది, అది కంట్లో దాక్కునే అలవాటుందట. ఎక్కడా ఏమీ దొరకలేదు. "మళ్ళీ మళ్ళీ స్కాన్ తీద్దాం. ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే రండి. ఎవరేం చెప్పినా స్టెరాయిడ్ వద్దు."

మనిషికి జబ్బు ఉందంటే ఏడవచ్చు, లేదంటే నవ్వచ్చు. ఉందో లేదో తెలీదంటే ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. ఆ నెలలన్నీ మా ఇంటిల్లిపాదీ కాలు కాలిన పిల్లుల్లా తిరిగాం. అక్క టీ గ్లాసు కావాలని బావకి ఎడమవైపు పెట్టేది. ఆయన అందుకునేదాకా ఊపిరి బిగబట్టేది. నేను పనిలో ఆయనకి ఎడమపక్కనే నిచ్చెన వేసుకునేవాణ్ణి. ఆయన పానా మార్చిన ప్రతిసారీ నా బ్రష్షు ఆగిపోయేది. రంగు కారిపోయి గోడ మీద చారలు కట్టేవి. నా జన్మలో అంత దరిద్రంగా రంగులు వెయ్యలేదు. ఆయన ఒక మాట కోసం తడుముకుంటే మా ఇద్దరి ముఖాలూ మాడిపోయేవి. జలుబు చేసి తల పట్టుకుంటే అక్క చెప్పులు వేసుకుని ఆసుపత్రికి తయారైపోయేది.

"నన్ను చూడ్డం ఆపండి ఇద్దరూ" అని ఒకరోజు కసిరాడు. "అద్దెకి దిగినోళ్ళని ఇంటి ఓనరు చూసినట్టు చూస్తారేంటి. తగ్గిపోయింది. స్కాన్‌లో మీరే చూశారుగా."

"ఇల్లు అలకగానే పండగ కాదు" అంది అక్క.

"మచ్చ ఆరితే నీళ్ళు ఆగినట్టు కాదని చెప్పేది ఎవరు బావా" అన్నాను నేను. ఇన్నేళ్ళకి ఆయన మాట ఆయనకే అప్పజెప్పే అవకాశం వచ్చింది.

"అది గోడరా. ఇది తల" అన్నాడు. "తల గోడలాంటిదే అయితే మీ అక్క ఈపాటికి నీచేత రంగు వేయించేది."

నవ్వాం గానీ ఎవరి కడుపులోనూ నవ్వు లేదు. ఆయనకీ భయమే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ పిడికిలి బిగించి వదలడం నేను చూశాను. తర్వాతి స్కాన్‌లో మచ్చ పూర్తిగా పోయింది. బావ ఆసుపత్రి మెట్లు గబగబా దిగి, ఇంక ఆ స్కాన్ గుహలో తల పెట్టనని ప్రకటించాడు. డాక్టరమ్మ మళ్ళీ తేదీ వేసింది. అక్క చొక్కా పట్టుకుని లాక్కొస్తానంది.

ఆ తేదీ రాకముందే అయింది. కొత్త భవనంలో పై అంతస్తు బాత్రూముల్లో ఉన్నాం. నేను పక్క గదిలో ప్రైమర్ కొడుతున్నాను. "ఒరేయ్, ఆ తలుపు ఇలా ఇవ్వు" అని కేకేశాడు. తలుపేంటి బావా అన్నాను. "అదేరా, తలుపు, తలుపు" అని విసుక్కున్నాడు. వెళ్ళి చూస్తే కింద ఉన్న పానా వైపు చూపిస్తున్నాడు. ఎడమచేత్తో చూపిస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఇన్నాళ్ళూ ఎడమచేతికి కాపలా కాశాను, అది కుడివైపు నుంచి వచ్చింది.

ఈసారి మచ్చ మెదడుకి ఎడమవైపు. మొదటిదాని కంటే పెద్దది, చుట్టూ వాపు. మాటలుండే చోటు అదేనంది డాక్టరమ్మ. తలనొప్పికి బావ గోడకేసి తల కొట్టుకున్నాడు. నీళ్ళు తాగినా వాంతి. వార్డులో పడుకోబెట్టారు. సర్జన్‌కి ఎల్లుండి ఉదయం ఖాళీ ఉంది, అంతకంటే ముందు ఆపరేషన్ గది దొరకదు.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ పక్కకి పిలిచింది. "ఇప్పుడు మచ్చ పెద్దగా, సూదికి అందేలా ఉంది. ఇదే అవకాశం. వాపుకి వేరే మందు ఎక్కిస్తున్నాను, అది కొంచెమే పనిచేస్తుంది. పిలిస్తే పలకనంత మగత వస్తే పేరు సంగతి పక్కన పెట్టి స్టెరాయిడ్ ఇచ్చేస్తాను, ప్రాణం ముందు. అంతదాకా రాకపోతే మాత్రం ఓర్చుకోవాలి. ఆయనా ఓర్చుకోవాలి, మీరూ ఓర్చుకోవాలి. మీదే కష్టం."

ఆవిడ అన్న మాట నాకు మర్నాడు మధ్యాహ్నం అర్థమైంది. అక్క ఆపరేషన్ కాగితాల మీద సంతకాలకని కింది అంతస్తుకి వెళ్ళింది. నేను మంచం పక్కన స్టూలు మీద ఉన్నాను. ఫినాయిల్ వాసనకీ కంగారుకీ నాకు ఆయాసం మొదలై, పొద్దున్నే ఇంటినుంచి మాత్రల పట్టీ తెచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంకా వేసుకోలేదు. పక్క మంచాల్లో ఎవరి గొడవ వాళ్ళది. కిటికీకి పరదా వేసినా ఆ కాస్త వెలుతురుకే బావ కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. అంత మొండి మనిషి అలా మూలుగుతాడని నాకు తెలీదు.

ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, బాగున్న ఎడమచేత్తో నా కాలరు పట్టుకున్నాడు. దగ్గరికి లాక్కున్నాడు. పెదాలు ఆడిస్తున్నాడు గానీ కావలసిన మాట దొరకడం లేదు. "రం... రం..." అన్నాడు. నీళ్ళా బావా అన్నాను. కాదని తల ఊపాడు. "రంగు" అన్నాడు. "రంగు వెయ్. పూ... పూసెయ్ రా."

సెలైన్ మారుస్తున్న నర్సు, "పాపం, పని గుర్తొస్తోందేమో" అంది.

పని కాదని నాకు తెలుసు. ఆయన ఏమడుగుతున్నాడో ఆ వార్డులో నాకొక్కడికే అర్థమైంది. పూత వేస్తానంటే నన్ను గుమ్మంలోనే ఆపేసిన మనిషి, నన్ను పూత వెయ్యమని బతిమాలుతున్నాడు. ఈ నొప్పి కప్పెట్టు, తర్వాతి సంగతి తర్వాత చూద్దాం అంటున్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మా పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎక్కడా ఆయన ఏడవగా చూడలేదు నేను.

నర్సు వెళ్ళిపోయింది. గ్లాసులో నీళ్ళున్నాయి. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. పట్టీ మీద బొటనవేలు పెట్టి మాత్ర గుండ్రాన్ని తడిమాను. ఒక్క మాత్ర. ఒక్కదానికి ఏమవుతుంది, నొప్పి కాస్త తగ్గుతుంది, ముక్క ఎలాగూ రేపే తీస్తారు, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. నా బతుకంతా ఇదే పని. చుట్టాలొస్తున్నారంటే పూత వేశాను, ఇల్లు అమ్ముతున్నామంటే వేశాను, అడిగినవాడి ముఖం వెలిగితే నాకదే చాలనుకున్నాను. అందులో తప్పేమీ లేదు, అదీ ఒక పనే. కానీ ఆ గోడలు ఎవరివో. ఈ గోడ మా అక్కది. నాది కూడా. ఆయన లేకపోతే ఈ లోకంలో నన్ను పూతగాడని పిలిచేవాడు ఇంకొకడు ఉండడని అప్పుడు తట్టింది.

జేబులోంచి ఉత్త చెయ్యి తీశాను.

"తడిగా ఉంది బావా" అన్నాను. మళ్ళీ అన్నాను. "ఇప్పుడు తడిగా ఉంది. రేపు పొద్దున్న తవ్వుతారు. ఈలోపు నేను పూత వెయ్యను. నువ్వు చచ్చేంత బతిమాలినా వెయ్యను."

ఆయన కాలరు వదిలేశాడు. నన్ను తిట్టాడు. మాటలు రాని మనిషికి తిట్లు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చాయి. మెదడులో తిట్లు వేరే చోట ఉంటాయని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. పక్క మంచం ముసలాయన లేచి కూర్చుని మరీ విన్నాడు. మా వంశంలో ఎవర్నీ వదలకుండా తిట్టి, బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా నావైపు తిరగలేదు.

నేను లేచి నర్సు దగ్గరికి వెళ్ళాను. పట్టీ ఆవిడ చేతిలో పెట్టి, "ఇవి దాచండి. నేను వచ్చి అడిగినా ఇవ్వకండి" అన్నాను.

"మీకు ఆయాసంగా ఉందిగా. మీకే కావాలేమో."

"నాకు మీరేదైనా పీల్చేది ఇప్పించండి. ఇవి మాత్రం నా జేబులో ఉండకూడదు" అన్నాను. నా మీద నాకు అంత నమ్మకం.

అక్క వచ్చింది. మొగుడు గోడవైపు తిరిగి ఉండటం, నా ముఖం, నలిగిన నా కాలరు చూసింది. "ఇచ్చావా" అని అడిగింది. లేదన్నాను. నా జేబు వంక చూస్తుందనుకున్నాను. చూడలేదు. స్టూలు మీద నా పక్కనే ఇరుక్కుని కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది. "అడిగారా" అంది. అడిగాడన్నాను. "నన్ను కూడా పొద్దున్న అడిగారు. అందుకే కిందికి పారిపోయాను, సంతకాలు ఎప్పుడో అయిపోయాయి" అని ఏడ్చింది. ఇద్దరం ఆ స్టూలు మీదే సాయంత్రం దాకా కూర్చున్నాం. ఒకళ్ళు లేస్తే రెండోవాళ్ళు ఇచ్చేస్తారేమోనని ఒకళ్ళకొకళ్ళం కాపలా. ఆయన మూలుగుతున్నాడు, మేం వింటున్నాం. అంతకంటే చేతకాని పని ఇంకొకటి నేను చెయ్యలేదు.

మర్నాడు ముక్క తీశారు. తీసిన వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. సాయంత్రానికి తలనొప్పి దిగింది, ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ముందు అక్క పేరు, తర్వాత పానా. నన్ను పేరు పెట్టి పిలవలేదు, పూతగాడనీ అనలేదు. నేను గదిలోకి వస్తే కిటికీ వైపు చూసేవాడు.

పరీక్ష కాగితం వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. "లింఫోమా" అంది. "మెదడులోనే పుట్టే రకం. మొదట వచ్చి పోయిన మచ్చ కూడా ఇదే అయ్యుండాలి. ఇప్పుడు పేరు తెలిసింది. దీనికి నరంలోకి ఎక్కించే మందు ఉంది, ఆసుపత్రిలో ఉండి విడతలు విడతలుగా ఎక్కించుకోవాలి. పోరాడదగ్గ జబ్బే. తప్పకుండా గెలుస్తామని మాత్రం చెప్పను."

"హమ్మయ్య" అంది అక్క. అని, తను ఏం విని ఏమందో తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ నోటిదాకా వచ్చిన మాట అదే. క్యాన్సర్ అని చెబితే ఊపిరి పీల్చుకునే స్థితికి వస్తామని మేం ఎన్నడూ అనుకోలేదు.

మందు మొదలైంది. జుట్టు ఊడింది, నోరు పూసింది, మచ్చ చిక్కిపోతూ వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. చెంచా పట్టుకుంటాడు, ఉలి పట్టుకోలేడు. అది నన్ను నిద్రపోనివ్వలేదు. ఒకరోజు డాక్టరమ్మని వరండాలో పట్టుకుని అడిగేశాను. ఆ రోజు ఆయన అడిగినప్పుడే మాత్ర పడి ఉంటే చెయ్యి దక్కేదా అన్నాను.

ఆవిడ అబద్ధమాడినా బాగుండేది. "చెప్పలేను" అంది. "బహుశా తేడా ఉండేది కాదు. కొంచెం ఉండేదేమో కూడా. కానీ ఇచ్చి ఉంటే ఆ ముక్కలో ఏమీ దొరక్కపోయేది, నేను మిమ్మల్ని ఇప్పటికీ ఎదురుచూడమని చెబుతూ ఉండేదాన్ని."

ఆ మాట మూటగట్టుకుని వార్డులోకి వెళ్ళాను. అక్క షాపుకి వెళ్ళింది. బావ దిండుకి ఆనుకుని, కుడిచేత్తో మెత్తటి రబ్బరు బంతి నొక్కుతున్నాడు. బంతి జారి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి ఇచ్చాను. తీసుకోకుండా నన్నే చూశాడు.

"ఆ రోజు నీ జేబులో ఉన్నాయి" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఇంకా ఎడం ఉంది. "నాకు కనిపించాయి. పట్టీ."

"ఉన్నాయి బావా."

"ఎందుకు ఇవ్వలేదో మీ అక్క చెప్పింది. డాక్టరమ్మ కూడా చెప్పింది. ఇస్తే ఏమయ్యేదో తెలుసు. నీ చోట నేనున్నా ఇచ్చేవాణ్ణి కాదు." ఆగి, మాట వెతుక్కున్నాడు. "అయినా కోపం పోలేదురా. నిన్ను చూస్తే ఆ మధ్యాహ్నమే గుర్తొస్తోంది. పోగొట్టుకుందామని చూశాను. పోలేదు."

నేను మంచం అంచున కూర్చుని, బంతి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ మూశాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"పోనక్కర్లేదు బావా" అన్నాను. "ఎన్నేళ్ళయినా ఉండనీ."